మూడు కొటేషన్ల పాటలపెట్టె

సోమవారం పొద్దున్న బూట్ల లేసులు ముడేసుకుంటూ ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు పక్క వీధిలోకి వెళ్ళాలి, అరచేతిలో పట్టే మ్యూజిక్ ప్లేయర్ ఒకటి తీసుకోవాలి, సాయంత్రం తెచ్చి భార్య చేతిలో పెట్టాలి. మామూలు మనిషికైతే ఇది అరగంట పని. కానీ ఆయన మామూలు మనిషి కాదు, నీటి మీటర్లు తయారు చేసే సంస్థలో కొనుగోళ్ళ విభాగానికి సూపరింటెండెంటు. మూడు కొటేషన్లు తెప్పించి, గళ్ళు గీసి, పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే తప్ప గుండుసూది కూడా కొననివ్వడు. ఆఫీసులో అందరూ ఆయన్ని కొటేషన్ గారంటారు. మొహం మీదే అన్నా ఆయన ఏమీ అనుకోడు, పైపెచ్చు లోలోపల మురిసిపోతాడు.

ఇంట్లోనూ ఇదే తంతు. పెళ్ళైన ఇరవై నాలుగేళ్ళుగా ఆ గుమ్మం దాటి లోపలికొచ్చిన ప్రతి వస్తువునూ ఎంచింది ఆయనే. కుర్చీలు ఎంచడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఆ పద్నాలుగు నెలలూ ఇద్దరూ నేల మీదే కూర్చున్నారు. ఫ్యాను ఎంపిక పూర్తయ్యేసరికి చలికాలం వచ్చింది. అయినా ఆమె పల్లెత్తు మాట అనలేదు. దాంతో ఆయనకి, ఈ ఇంట్లో తనకి ఇంకేం తెలిసినా తెలియకపోయినా వస్తువు ఎంచడం మాత్రం తన సొత్తు అనే ధీమా పాతుకుపోయింది.

ఆమె టైలరు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, వెనక గదిలో కత్తిరింపుల బల్ల, డాబా మీద ఇస్త్రీ. ఇన్నాళ్ళూ అలమరలో ఉన్న రేడియో పాడుతుంటే కుట్టుకునేది. చలికాలం మొదట్లో అది కాస్తా మూగబోయింది. ఫోనులో వినొచ్చు కదా అంటే, పాట చరణంలోకి వచ్చిందో లేదో ఎవరో ఒకరు ఫోన్ చేసి చంక దగ్గర బిగుతుగా ఉందంటారు. ఆమెకి కావలసింది ఎవరూ ఫోన్ చెయ్యలేని, మెడలో వేసుకుని మూడు గదులూ తిరగగలిగిన ఒక చిన్న పాటల యంత్రం. ఆ మాట చెప్పి అయిదు నెలలైంది. పెద్ద ఆర్డరు ఒకటి నెత్తి మీద ఉంది, పాట లేకపోతే చెయ్యి సాగడం లేదు.

ఆ సోమవారం ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. "ఈ నెలాఖరు దాకా చూస్తానండీ. తేకపోతే నేనే వెళ్ళి కొనుక్కుంటాను. ఆ తర్వాత ఈ ఇంటికి చీపురు కూడా మీరు ఎంచక్కర్లేదు."

కేకలేసినా ఆయనకి ఇంత భయం వేసేది కాదు. ఆ గొంతులో కోపం లేదు, నిర్ణయం ఉంది. అందుకే బస్సెక్కేటప్పుడే ఈవేళ తేల్చేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు పదకొండింటి దాకా నిలిచింది. ఏం కావాలో కాగితం మీద రాసుకోకుండా కొట్టుకి ఎలా వెళ్తాం, అనిపించింది. చేతికి దొరికింది ఆఫీసు లెటర్‌హెడ్. దాని మీద ఆయన చెయ్యి అలవాటు కొద్దీ 'విషయం' అని రాసి కింద గీత గీసింది. రోజువారీ వాడకానికి పోర్టబుల్ డిజిటల్ మ్యూజిక్ ప్లేయర్. అరచేతిలో పట్టాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బ్యాటరీ రావాలి. చేతి నిండా గుండుసూదులున్నప్పుడు కూడా చూడకుండా నొక్కగలిగే బటన్లుండాలి. ఇలా ఆరు షరతులయ్యాయి. చాలా బాగా వచ్చింది అనుకుని మూడు ప్రతులు తీసి, సంతకం చేసి, మూడు కొట్లకి కొటేషన్లు పంపమని పోస్టు చేశాడు. సంతకం కింద గుండ్రటి ముద్ర ఎప్పుడు వేశాడో ఆయనకే తెలియదు.

గురువారం మూడు కవర్లూ, ఆయన ఉత్తరాన్ని తిరిగి జతచేసుకుని, ఆఫీసుకే వచ్చాయి. తపాలా గుమాస్తా వాటి మీద ఠపీఠపీమని నంబర్లు వేసి, అట్ట తొడిగి, ట్యాగు బిగించి ఫైలు చేసేశాడు. ఆ సంస్థలో నంబరు పడ్డ కాగితం ఇక కాగితం కాదు. వస్తువు కొంటే తప్ప దాన్ని మూయడానికి వీల్లేదు. కొటేషన్లున్న ఫైలు ముందు అకౌంట్సుకి పోవాలన్న రూలు ఒకటి ఉంది, అది పెట్టింది కొటేషన్ గారే. ఆయన టీ తాగి వచ్చేలోపే ఫైలు అకౌంట్స్ గదికి చేరిపోయింది.

అది మా ఇంటి సంగతండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అనడానికే వీల్లేదు. పోయిన ఏడాది ఒక టైపిస్టు తన ఇంటి అద్దె ఒప్పందాన్ని ఆఫీసు కాగితం మీద కొట్టుకుంది. ఆమె ప్రమోషన్ ఏడాది ఆపించి, సొంత పనికి ఆఫీసు కాగితం వాడినవారిని ఉపేక్షించేది లేదని ఒక సర్క్యులర్ తయారు చేసి, నోటీసు బోర్డు అద్దం వెనక అంటించింది ఎవరో వేరే చెప్పాలా? కింద ఆయన సంతకం ఇప్పటికీ నిగనిగలాడుతూనే ఉంది. అంచేత ఆయన కుక్కిన పేనులా కూర్చున్నాడు.

ఆ ఆఫీసులో ఇంకొక ఆచారం ఉంది. ఫైలు బల్ల మీదికి వచ్చాక ఏదో ఒకటి రాయకుండా పంపేవాడు పని రానివాడి కింద లెక్క. వద్దని ఎవరూ రాయరు, రాస్తే కారణం చెప్పాలి. చేర్చమని రాస్తే ఎవరూ అడగరు. అకౌంట్స్ ఆఫీసరు పూర్తిగా చదివి, ఇంతమంది సిబ్బంది ఉండగా ఒక్కరికి వినపడే యంత్రం కొనడం సమంజసమా, అందరికీ వినపడేలా ఉండాలి అని రాశాడు. సేఫ్టీ ఆఫీసరు, చెవులు మూసుకుంటే హెచ్చరిక గంట వినపడదు కనక ఇయర్‌ఫోన్లు తీసేసి స్పీకరు పెట్టమన్నాడు, ప్రమాదం వచ్చినప్పుడు వెలిగే ఎర్ర దీపం కూడా ఒకటి ఉండాలన్నాడు. వర్క్‌షాపు ఫోర్‌మన్, లేతు మిషన్ల మోత మధ్య వినపడాలంటే ఈ స్పీకరు ఎందుకూ చాలదన్నాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరు ఆ స్పీకరుకి తగ్గ బ్యాటరీ పెట్టాడు. బ్యాటరీ బరువు చూసిన స్టోర్స్ గుమాస్తా చక్రాలు తగిలించాడు.

వెల్ఫేర్ ఆఫీసరమ్మ దగ్గరికి వచ్చేసరికి అసలు ఏ పాటలు వెయ్యాలి అన్న ప్రశ్న పుట్టింది. దానికి ఒక కమిటీ వేశారు. విషాద గీతాల వల్ల ఉత్పత్తి తగ్గుతుందని ఫోర్‌మన్, విషాదం కార్మికుల హక్కని యూనియన్ కార్యదర్శి రెండు రోజులు వాదించుకున్నారు. విషాదాన్ని భోజన విరామానికి పరిమితం చేస్తూ రాజీ కుదిరింది. ఈ కమిటీకి కన్వీనరు కొటేషన్ గారే, కొనుగోళ్ళ విషయంలో ఆయనంత నిపుణుడు ఇంకెవరున్నారు మరి.

ఇంట్లో ఆమె వారానికొకసారి అడిగేది. ఆయన నీళ్ళు నమిలేవాడు. పనిలోనే ఉంది, పెద్దల దాకా వెళ్ళింది, ఒక్క సంతకం మిగిలింది అనేవాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. మధ్యలో ఎన్నోసార్లు పక్క వీధికి వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చేద్దామా అనిపించింది. కొట్టు గుమ్మం దాకా వెళ్ళి కూడా, రేపు ఈ ఫైల్లోని వాటితో ఎవరైనా పోల్చి చూస్తే నా ఎంపిక తప్పని తేలుతుందేమో అనే భయంతో వెనక్కి వచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు మనిషిని అంత తేలిగ్గా వదలదు.

నెలాఖరు రానే వచ్చింది, పోయింది. ఒకటో తారీఖు సాయంత్రం బిక్కుబిక్కుమంటూ ఇంట్లో అడుగు పెట్టాడు. ఆమె ఒక్క మాట అనలేదు. పైగా కూనిరాగం తీస్తూ చకచకా కుట్టుకుపోతోంది, మొహం కళకళలాడుతోంది. హమ్మయ్య, గడువు సంగతి మరిచిపోయింది అనుకుని ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

నాలుగో తారీఖున యంత్రాన్ని నమూనాగా చూపించడానికి కొట్టువాళ్ళు వ్యానులో తెచ్చారు. దింపడానికి నలుగురు పట్టారు. నడుమెత్తు పెట్టె, నాలుగు చక్రాలు, రెండు పిడులు, నెత్తిన గిరగిరా తిరిగే ఎర్ర దీపం. ఆఫీసు వాకిట్లో అందరూ గుమిగూడారు. కమిటీ ఆమోదించిన మొదటి పాట పెట్టారు. వీధిలో కుక్కలు పరుగెత్తాయి. లోపల పరీక్ష బల్ల మీదున్న మీటర్లు నీళ్ళు లేకుండానే తిరగడం మొదలుపెట్టాయి. రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని డైరెక్టరుగారు మేడ దిగి వచ్చారు.

పాట ఆపించి, ఇది ఎవరడిగారని అడిగారాయన. అందరూ పక్కవాడి వంక చూశారు. నిజానికి ఎవరూ అడగలేదు, అందరూ చేర్చారంతే. ఫైలు తెమ్మన్నారు. అది ఇప్పుడు ఇటుకంత లావైంది. ఒక్కో పేజీ వెనక్కి తిప్పుతూ అట్టడుగున ఉన్న మొదటి కాగితం దగ్గర ఆగారు. కళ్ళజోడు సవరించుకున్నారు.

"చేతి నిండా గుండుసూదులున్నప్పుడు కూడా చూడకుండా నొక్కగలిగే బటన్లు." మెల్లిగా చదివి తలెత్తారు. "మన వర్క్‌షాపులో గుండుసూదులు ఎవరు పట్టుకుంటారయ్యా? ఈ సంతకం మీదే కదూ?"

కొటేషన్ గారికి అద్దం వెనక సర్క్యులర్ కళ్ళ ముందు మెదిలింది. గుంపులో ఆ టైపిస్టు కూడా ఉంది, చేతులు కట్టుకుని ఎంతో శ్రద్ధగా వింటోంది. ఇక దాచి లాభం లేదు. సిగ్గుతో చచ్చిపోతూ నోరు పెగల్చుకున్నాడు. "సార్, అది మా ఆవిడకి..."

"అవును సార్," అని వెల్ఫేర్ ఆఫీసరమ్మ మధ్యలోనే అందుకుంది. ఆమె బట్టలు కుట్టేది ఈయన భార్యే. "మొన్న కొలతలివ్వడానికి వెళ్తే ఆవిడ మెడలో చూశాను. అచ్చం ఈ కాగితంలో రాసినట్టే ఉంది. నోట్లో సూదులు, చేతిలో సూదులు, అయినా చూడకుండానే పాట మారుస్తున్నారు. ఒకటో తారీఖున కొన్నారట. బస్సు వచ్చేలోపు ఎంచేశానని నవ్వారు కూడా."

కొటేషన్ గారికి కూనిరాగం ఎందుకో, మొహంలో ఆ కళ ఎందుకో, మెడలో కొలతల టేపు చాటున వేలాడుతున్నది ఏమిటో అప్పటికి అర్థమైంది.

డైరెక్టరుగారికి ఇంకొకటి అర్థమైంది. ఆఫీసుకి వస్తువు కొనేముందు సొంత డబ్బుతో ఒకటి కొని, సొంత ఇంట్లో, సొంత భార్య చేత వాడించి చూసిన ఉద్యోగిని తన సర్వీసులో చూడలేదన్నారు. భుజం తట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు, టైపిస్టు తప్ప. పెట్టెని వచ్చిన దారినే పంపించెయ్యమని చెప్పి, అక్కడికక్కడే నిలబడి ఫైలు మీద రెండు వాక్యాలు రాశారు. ఆవిడ దగ్గరున్న రకమే కొనాలి. ఇకముందు రోజువారీ వాడకానికి ఏ వస్తువు కొన్నా, కొటేషన్లతో పాటు ఆవిడ అభిప్రాయం కూడా జతచేయాలి.

ఉద్యోగం దక్కింది, పరువు దక్కింది, పైగా పొగడ్త ఒకటి. అయినా బస్సులో కూర్చున్న ఆయనకి సంతోషం కలగలేదు. ఏదో పోగొట్టుకున్నట్టు జేబులు తడుముకుంటూనే ఉన్నాడు. ఇంటికి రాగానే, ఒక్క మాట నాతో చెప్పొచ్చు కదా అన్నాడు. గొంతులో నిష్ఠూరం దాచుకోలేకపోయాడు.

"నెలాఖరు దాకా చూశాను కదండీ," అంది ఆమె.

"ఎన్ని కొట్లలో చూశావు?"

"ఒకటే. నొక్కితే పాట వచ్చింది. తెచ్చుకున్నాను."

దీన్ని పట్టికలో ఏ గడిలో వెయ్యాలో ముప్ఫై ఏళ్ళ అనుభవానికీ అంతుపట్టలేదు. ఆమెకి చెప్పాల్సింది ఇంకా ఒకటుంది, డైరెక్టరుగారి ఆర్డరు. అది చెప్పడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. ఆమె విని, సరే, తీరిక దొరికినప్పుడు చూస్తానంది.

మరుసటి సోమవారం క్యాంటీను బెంచీల ఫైలు చంకలో పెట్టుకుని ఆయన ముందు గదిలోకి వచ్చాడు. మూడు కొటేషన్లు, గళ్ళు గీసిన పట్టిక, కింద ఆమె అభిప్రాయానికి ఖాళీ జాగా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆమె మిషన్ తొక్కుతోంది. ఆయన్ని చూసి, నోట్లో సూదులుండటం వల్ల మాట్లాడకుండా, పాట అయ్యేదాకా ఆగమన్నట్టు వేలు ఒకటి పైకెత్తింది. ఆయన ఫైలు పట్టుకుని నిలబడ్డాడు.

అది చాలా పొడుగు పాట.