ఉసిళ్ళకు రెండు నిమిషాల మౌనం

ఒక పెద్ద అడవిలో రాజుల కాలం పోయి పురపాలక సంఘం కాలం వచ్చింది. రాజుల కాలంలో పనులు ఎందుకు జరగడం లేదో ఎవరూ చెప్పేవారు కాదు. ఇప్పుడు సమావేశం పెట్టి మరీ చెబుతున్నారు. ఆ మేరకు అభివృద్ధే అనుకోవాలి.

సంఘానికి చైర్మన్ అడవిపంది వరాహమూర్తి గారు. వైస్ చైర్మన్ కొంగ. సభ్యుల్లో ఎలుగుబంటి టిఫిను కోసం వచ్చేది. కోతి ప్రతిపక్షం కాబట్టి అరవడానికి వచ్చేది. మిగతావాళ్ళు ఎలుగుబంటి వచ్చిన పని మీదే వచ్చేవాళ్ళు.

పల్లపు వార్డులో కొక్కమ్మ అనే పందికొక్కు ఉండేది. ఇంకా కళ్ళు తెరవని పిల్లల తల్లి. ఆ వార్డు పక్కనుంచే వాగు పారుతుంది. దానికి కాస్త దిగువన చైర్మన్ గారు రాళ్ళూ మట్టీ పోయించి అడ్డుకట్ట వేయించుకున్నారు. ఎందుకంటే ఆయనకు పొర్లాడటానికి బురదగుంట కావాలి. పందికి బురద అవసరమే, తప్పు పట్టలేం. కానీ నీళ్ళకు అడ్డం పెడితే అవి ఊరుకుంటాయా? వెనక్కి ఎగదన్నుతాయి. ఆ వెనకే కొక్కమ్మ వాళ్ళ బొరియలు.

తొలకరికే ఆమె గుమ్మంలో చెమ్మ ఊరింది. ముసురు పట్టిందంటే పిల్లలు మునగడమే. మిట్టకు మారదామంటే అంతా రాతినేల, గోరు దిగదు. కట్ట తవ్వేద్దామంటే, సభ తీర్మానం లేకుండా దాన్ని ముట్టుకున్నవాళ్ళకు అడవి బహిష్కారం.

కొక్కమ్మ అర్జీ పెట్టుకుంది. అది ఎజెండాలోకి కూడా ఎక్కింది. సమావేశం రోజున గోడవారగా కూర్చుని, తన అంశం ఎప్పుడొస్తుందా అని మీసాలు కదపకుండా విన్నది.

"అడ్డుకట్ట తొలగింపు విషయం..." అని చైర్మన్ గారు నసుగుతుండగానే కొంగ లేచింది.

"అధ్యక్షా! అంతకన్నా ముందు ఒక విషాదం. చింతతోపు వార్డు ముసలి గుడ్లగూబ గారు మొన్న కాలం చేశారు. సంతాప తీర్మానం ప్రతిపాదిస్తున్నాను."

సంతాప తీర్మానం పెట్టాక అందరూ లేచి కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు మౌనంగా నిలబడాలి. ఆ మౌనంలో ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. ఆ తర్వాత, పోయినవారి మీద గౌరవంతో సభను వాయిదా వేయాలి. వాయిదా పడినా టిఫిను మాత్రం పెట్టాలి. సంఘం పుట్టినప్పటి నుంచీ వస్తున్న ఆచారం అది.

కాబట్టి గుడ్లగూబ పేరు మీద అందరూ ఇప్పపూల ఉండలు తిని ఇళ్ళకు వెళ్ళారు.

తర్వాతి సమావేశానికి ఒక కాకి పోయింది. ఆ పై సమావేశానికి అడవిలో ఎవరూ పోలేదు, పక్క అడవిలో ఎవరో పోయారు. "దుఃఖానికి సరిహద్దులుంటాయా?" అంది కొంగ. ఎలుగుబంటి కన్నీళ్ళు తుడుచుకుంటూ ఉండలు ఎటువైపు పెట్టారో చూసుకుంది.

నాలుగోసారి కొంగ మరీ గద్గదంగా లేచింది. "నిన్న సాయంత్రం పుట్టల్లోంచి వచ్చిన ఉసిళ్ళు వేల సంఖ్యలో అకాల మరణం చెందాయి, అధ్యక్షా!"

కోతి బల్ల మీదికి ఎగిరింది. "ఏమయ్యా కొంగా, నిన్న వాటిని బొక్కింది నువ్వే కదయ్యా!"

"అందుకే అందరికన్నా నా బాధ ఎక్కువ," అంది కొంగ.

కోతి బల్ల దిగి, నిలబడి కళ్ళు మూసుకుంది.

ఆ రోజు కొక్కమ్మ తిన్నగా బురదగుంట దగ్గరికే వెళ్ళింది. వరాహమూర్తి గారు మెడలోతు సుఖంలో ఉన్నారు.

"బాబుగారూ, నా గుమ్మంలోకి నీళ్ళొచ్చాయి. పిల్లలు బాబూ... మీరొక్క మాటంటే చాలు, మేమే తవ్వుకుంటాం."

"ఎలాగమ్మా? నేనొక్కణ్ణే నిర్ణయం తీసుకుంటే నియంతృత్వం అంటారు. సభ ఉంది కదా!"

"మరి కట్ట వేసేటప్పుడు సభ లేదా బాబూ?"

"అప్పుడు అది ఎజెండాలో లేదమ్మా," అని చైర్మన్ గారు ఇంకో పక్కకు పొర్లారు.

ముసురు పట్టనే పట్టింది. వాన ఆగకుండా కొట్టింది. కొక్కమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని, సగం మునిగిన మోడు మీద పెట్టి, వాళ్ళకు కాపలాగా మరిదిని ఉంచి, అత్యవసర సమావేశానికి పరుగెత్తింది.

చైర్మన్ కుర్చీ ఖాళీగా ఉంది. సంగతేమిటంటే, వానకు గుంట అడుగు మెత్తబడి వరాహమూర్తి గారు ఎక్కడి కాళ్ళు అక్కడ దిగబడిపోయారు. ఎగదన్నిన నీళ్ళు మెడ దాటి మూతి దాకా వచ్చాయి. ఆయన కేకలు సభ దాకా వినిపిస్తున్నాయి.

"బాబూ, చైర్మన్ గారు మునిగిపోతున్నారు! కట్ట తవ్వితే ఆయనా బతుకుతారు, మా పిల్లలూ బతుకుతారు," అంది కొక్కమ్మ గుమ్మంలోంచే.

"సభ్యులు కానివారు మాట్లాడకూడదు," అంది కొంగ. దాని చూపు ఖాళీ కుర్చీ మీద ఉంది. "అధ్యక్షుడు లేరు గనుక నేనే అధ్యక్షత వహిస్తున్నాను. వరాహమూర్తి గారు వరదలో దివంగతులైనారని తెలియజేయడానికి చింతిస్తున్నాను."

"ఓరి కొంగా! నేనింకా చావలేదురా!" అని వాగులోంచి కేక.

కోతి చెవి రిక్కించింది. "ఆయన గొంతులాగే ఉందే?"

"ఉండొచ్చు," అంది ఎలుగుబంటి. "కానీ ఉండలు నానిపోతున్నాయి."

ఆ మాటతో చర్చ ముగిసింది. తీర్మానం ఏకగ్రీవం. అందరూ లేచి కళ్ళు మూసుకున్నారు.

"రక్షించండ్రోయ్!" అన్న కేక మళ్ళీ వచ్చింది. ఎవరూ కదల్లేదు. మౌనం భంగమైతే పోయినవారికి అవమానం కదా!

కొక్కమ్మ ఒక్కసారి చుట్టూ చూసింది. సభంతా కళ్ళు మూసుకుని ఉంది. అన్ని కళ్ళూ ఒకేసారి మూతపడి ఉంటే కట్టను ఎవరు ముట్టుకున్నారో చూసేదెవరు, బహిష్కరించేదెవరు? ఆమె బయటికి దూకి వార్డులో తవ్వగలిగిన వాళ్ళందరినీ పిలిచింది. పందికొక్కులకు తవ్వడం ఒకరు నేర్పాలా? నానిన కట్ట ఇటు గీరగానే అటు జారింది. నీళ్ళు హోరున దిగువకు పోయాయి. మోడు మీద పిల్లలు తడిసి కీచుమంటూ క్షేమంగా ఉన్నారు. నీళ్ళ తోపుకు చైర్మన్ గారు కూడా సీసా బిరడాలా ఊడివచ్చి ఒడ్డున పడ్డారు.

ఆయన బురద ఓడుతూ సభలోకి వచ్చేసరికి టిఫిను నడుస్తోంది.

"నేను బతికే ఉన్నాను!" అన్నారు రొప్పుతూ.

"అది తమరి వ్యక్తిగత అభిప్రాయం," అంది కొంగ, కుర్చీలో సర్దుకుంటూ. "సభ అభిప్రాయం వేరు."

"ఒక ఉండైనా పెట్టండయ్యా!"

"తమరి సంతాపానికి వడ్డించినవి తమరే తింటే ఏం బాగుంటుంది?" అంది ఎలుగుబంటి, ఆఖరిది నోట్లో వేసుకుంటూ.

వరాహమూర్తి గారు గుమ్మంలో నిలబడ్డ కొక్కమ్మ వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పు తల్లీ, నేను బతికున్నానని!"

"తప్పకుండా చెబుతాను బాబూ," అంది కొక్కమ్మ చల్లగా. "ముందు మీరు అర్జీ పెట్టుకోండి. ఎజెండాలోకి ఎక్కనివ్వండి."

నీతి: సంతాపాలతో నడిచే సభలో పదవి కావాలంటే కుర్చీ దగ్గర ఉండాలి, ప్రాణం కావాలంటే గుమ్మం దగ్గర ఉండాలి.