బిందె మీద పేరు

క్రిస్మస్ ఇంకా పన్నెండు రోజులుందనగా, పొద్దున్నే కాఫీ తాగుతూ కన్యాకుమారి నిర్ణయించుకుంది: ఈసారి కానుకలు కొనేది లేదు, అన్నీ తన చేతుల మీదుగానే తయారు కావాలి. భర్త ధర్మారావుకి ఊలు మఫ్లరు అప్పటికే సగమైంది. అసలు దిగులు ఆడపడుచు చిన్నతల్లి కానుక గురించే.

పోయిన క్రిస్మస్‌కి చీపురుపల్లి చర్చిలో చిన్నతల్లి నిలబడి "సిన్నబిడ్డ ఏసు" అని సాక్ష్యం చెబుతుంటే, విజయనగరంలో బి.ఎ. చదివిన కన్యాకుమారి ముందు బెంచీలోంచి "చిన్న, వదినా" అని మెల్లగా దిద్దింది. మెల్లగానే అన్నా చర్చి అంతా విన్నది. ఆనాటి నుంచి వదిన ఈ గడప తొక్కలేదు. పండగపూట ఒక్క గంట వచ్చి పోతానని ఇప్పుడు తమ్ముడికి కబురు పంపింది. ఆ గంటలో మనసు కలవకపోతే ఇక కలిసేది లేదు.

అటక మీద అత్తగారి ఇత్తడి బిందె ఉంది. చిన్నతనంలో వదిన నీళ్లు మోసిన బిందె. కన్యాకుమారి దాని చిల్లుకి మాటు వేయించింది, సొట్టలు తీయించింది, మూడు రోజులు చింతపండుతో తానే తోమింది. అందులో తన ముఖం చూసుకుని కాస్త గర్వపడింది కూడా. వదిన పేరు గుండ్రటి అక్షరాలతో చీటీ మీద రాసి, బిందె మీద కొట్టించుకు రమ్మని భర్తని, పాత్రల మీద పేర్లు చెక్కే అసిరయ్య కొట్టుకి పంపింది.

ధర్మారావు బిందెని భద్రంగా తీసుకెళ్లాడు. చీటీ మాత్రం చాకలికి వేసిన చొక్కా జేబులో ఉండిపోయింది. పేరు నోటితో చెప్పాడు, అసిరయ్య తన చెవికి వినబడినట్టు కొట్టాడు. తిరిగొచ్చిన బిందె మీద "సిన్నతల్లి" అని ధగధగలాడుతోంది.

వదిన దీన్ని వెక్కిరింత అనుకోక ఇంకేమనుకుంటుంది? ఈసారి కన్యాకుమారి తానే బిందె పట్టుకుని కొట్టుకి పరుగెత్తింది.

"తప్పేటమ్మా? ఆ యమ్మని ఊరంతా అలగే కదా పిలుస్తాది," అన్నాడు అసిరయ్య. ఇత్తడి మీద ఉలితో కొట్టిన చుక్క చెరగదనీ, ముందర ఒక మర్యాద మాట తగిలిస్తే ఎవరూ తప్పు పట్టరనీ సలహా ఇచ్చాడు. సబబుగానే తోచి, 'శ్రీమతి' అని కొట్టమంది కన్యాకుమారి. ప్రతి శుభలేఖలోనూ ఉండే మాటే కదా అని కాగితం మీద రాసివ్వలేదు. దారపుండలు కొనుక్కుని వచ్చేసరికి "సిరీమతి సిన్నతల్లి" తయారుగా ఉంది.

"ఇప్పుడు రెండు మాటలూ ఒక్కలాగే ఉన్నాయి కదా," అని ఓదార్చబోయి, ధర్మారావు ఆ పూట భోజనం పెరటి వసారాలో చేశాడు.

మఫ్లరు మూలపడింది. కన్యాకుమారి నాలుగు రోజులు కూర్చుని, మూతి నుంచి అడుగు దాకా ఒక్క అక్షరం కనబడకుండా బిందెకి తెల్లటి లేసు తొడుగు అల్లింది.

పండగనాడు చిన్నతల్లి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. కానుక చేతికివ్వగానే అటూ ఇటూ తిప్పి చూసింది.

"బిందెకి రవిక తొడిగినావేటి?"

"దుమ్ము పడకుండా, వదినా. అలాగే ఉంచుకోండి."

"ముసుగేస్తే నీల్లెలగ మోస్తాను?" అంటూ చిన్నతల్లి ఒక్క లాగుతో తొడుగు ఊడదీసింది.

ముందు అమ్మ బిందెని గుర్తుపట్టింది. తరవాత అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. ధర్మారావు గుమ్మంవైపు జరిగాడు.

"సిరీమతి," అని మళ్లీ చదివింది చిన్నతల్లి. "నా పెల్లినాడు కూడా నన్నెవులూ ఇలగనలేదురా తమ్ముడూ." మరదలి వైపు తిరిగింది. "నీకు నోరు తిరగదనుకున్నాను. ఇన్నాల్లకి నా పేరు సరిగ్గా రాయించినావు."

కన్యాకుమారి లేసు తొడుగుని మెల్లగా కుర్చీ కిందికి తోసింది.

గంట కోసం వచ్చిన వదిన చీకటి పడేదాకా ఇంటికి వెళ్లలేదు. బిందె చంకనెత్తుకుని వీధంతా తిరిగి, సొట్టలు తీయించిందీ, తోమిందీ, రాయించిందీ బి.ఎ. సదివిన మా మరదలే అని ఇంటింటా చెప్పింది. అరుగు మీద నిలబడి వింటున్న కన్యాకుమారి మెడ ఇంచీ పొడవు పెరిగింది.

సాయంత్రానికి ముగ్గురు ఆడవాళ్లు తమ బిందెల మీదా పేర్లు రాసిపెట్టమని వచ్చారు. అంత సరిగ్గా రాయడం తనవల్ల కాదని చెప్పి, కన్యాకుమారి వాళ్లని అసిరయ్య దగ్గరికి పంపింది.