నాటు పాటకు ఓనరు దొరికిండు

దిండి ప్రాజెక్టు అలుగు దుంకి, మా ఊరి వాగు మీది కల్వర్టు కొట్టుకపోయిన యేడు, నా పెండ్లాం పాడే పాట నా పెండ్లానిది కాదని తేలింది. తేల్చిన వీడియోల కంపెనీకి, దాని మిషన్‌కు చేతులెత్తి దండం పెడుతున్న!

నవ్వకున్రి. నేను మూడో తరగతితోటే బడి బందు పెట్టినోన్ని. మాట్లాడుడు కూడ తక్కువే. కని ఇంత మేలు జరిగితె రాయకుంట ఎట్లుండాలె?

దేవరకొండ దిక్కు మాది మెట్ట. ఆ యేడు చెర్వు నిండింది గనుక అందరు వరి నాట్లకు దిగిన్రు. నాట్లేసే గుంపుకు ముందర పాడే మనిషి నా పెండ్లాం సాలమ్మ. ఆమె ఒక చరణం అంటది, ఇర్వై మంది 'వలలో' అని అందుకుంటరు. ఆ పాట మీదనే చేతులు నడుస్తయి. ఎవల మడిల దిగితె వాళ్ల పేరు పెట్టి తిట్టుడు రివాజు. అంజయ్య మడిల నాటేసేటప్పుడు ఆయన నీళ్ల చాయ పంపిండనుకోండి, ఆ చాయ గూడ పాటలకొస్తది. తిట్టనీకి ఎవలు దొరక్కుంటె నేనున్న.

అడిగితె పలుకడు ఇస్రాయేలు వలలో
నోట్లె ముత్యాలు దాసిండు వలలో

ఇస్రాయేలంటె నేనే.

మా అక్క కొడుకు డానియల్ షాద్‌నగర్‌ల ఫ్యాక్టరీ పని చేస్తడు. సెలవు దొరికితె ఊరికొచ్చి షార్ట్ ఫిలిమ్‌లు తీస్తడు. లైట్లు లేవు, మేకప్ లేదు, హీరోయిన్ అసలే లేదు. కెమెరా నడవాలంటె నా సైకిల్ క్యారియర్ మీద ఎనకకు తిరిగి కూసుంటడు, నేను తొక్కాలె. గట్ల పదకొండు తీసిండు. పన్నెండోది నాట్ల మీద, పద్నాలుగు నిమిషాలది. అండ్ల సాలమ్మ పాట పెట్టిండు.

వీడియోల కంపెనీల వానికున్న ఛానల్ల ఎక్కిచ్చి గంట కాలే, దాని మిషన్ నోటీసు పంపింది. ఈ పాట పట్నంల ఫలానా పాటల కంపెనీదట!

ఏం చెవులండీ ఆ మిషన్‌కు! మా బోరింగు పాడైందని మూడేండ్లు మొత్తుకున్నం, ఒక్క ఆఫీసరుకు ఇనవడలే. సాలమ్మ బురదల నిలవడి పాడితె పట్నం దాక ఇనవడ్డది!

డానియల్ ఆ కంపెనీ పాట తీసి ఇనిపిచ్చిండు. డోలు, గిటారు, ఎవలో పిల్ల గొంతు. చరణాలు మాత్రం మాయే, నా పేరుతోటి సహా. అప్పుడు యాదికొచ్చింది. ముందటి యేడు ఇద్దరు కార్ల వచ్చి, జానపదాలు కూడబెడుతున్నమని సాలమ్మతోటి పాడిచ్చుకొని, మనిషికొక బిస్కెట్ పుడ పంచిపోయిన్రు. ఇప్పుడు పాట కింద 'రచన: మల్లికార్జున్' అని ఉన్నది. ఆయన ఎవలో మాకు తెల్వదు.

నాకు కోపం రాలే. అనుమానం వచ్చింది. నేను ఇంట్ల మాట్లాడనన్న సంగతి ఆ మల్లికార్జున్‌కు ఎట్ల ఎరుక?

మిషన్ మంచిది, ఫిర్యాదుకు ఒక బటన్ గూడ పెట్టింది. డానియల్ నొక్కిండు. ఆ ఫిర్యాదు ఎవలు చూస్తరనుకుంటున్నరు? పాట మాదన్న కంపెనీయే! ఎంత సులువు! ఠాణా వద్దు, కోర్టు వద్దు. నా మేక పోయిందనుకోండి, తోలుకపోయినోన్నే పిలిచి "ఇది నీదేనా?" అని అడిగితె అయిపాయె. నాలుగో దినం జవాబొచ్చింది: మాదే.

అయినా మిషన్‌కు దయ ఎక్కువ. పాట తీసేస్తె బొమ్మ ఉంచుకోవచ్చన్నది. పాట జాగాల ఊకెనే మ్యూజిక్ ఇస్తనన్నది. పిల్లనగ్రోవి, పిట్టల కూత! ఇర్వై మంది ఆడోళ్లు బురదల వంగి నాటేస్తుంటె పైన కోయిల కూస్తది. ఇగ నడుం నొప్పి ఎవలకన్న కనవడుతదా?

పైకి అప్పీలు చేసుకోవచ్చు. ఓడితె మాత్రం ఛానల్ మీద ఒక తప్పు గీత, దాన్ని స్ట్రైక్ అంటరు. మూడు స్ట్రైకులు పడితె ఛానలే ఉండదు. డానియల్‌కు ఇదివరకే రెండున్నయి. రెండుసార్లు షూటింగ్ ఎనకాల ఎవలదో పెండ్లి బ్యాండు సినిమా పాట వాయిచ్చింది మరి!

వాడు వచ్చి చెప్పిండు.

"అత్తా, నీ పాట నీది కాదంటున్నరు."

"మరెవలదిరా?"

"కంపెనోళ్లది."

"వాళ్లేడ నాటేసిన్రు?"

"నాటెయ్యలే. రిజిస్టర్ చేసిన్రు."

సాలమ్మ కాళ్లకంటిన బురద గీక్కున్నది. "అయితె నా గొంతు తీసెయ్ అల్లుడా. నీ సినిమాలన్ని పోవద్దు."

"తీసేస్తె అండ్ల ఏముంటదత్తా?"

"వంగిన నడుములుంటయి. అవి సాలవా?"

మర్నాడు అంజయ్య మడిల దిగి ఆమె నోరు తెరవలే. చేతులు తప్పినయి. ఒక దిక్కు వరుస ముందరికి పోయింది, ఒక దిక్కు ఎనకవడ్డది. అంజయ్య గట్టు మీదికెళ్లి మొత్తుకున్నడు.

"ఏం సాలమ్మక్కా, ఉపాసమా? పొద్దుగూకె దాక ఈ ఒక్క మడి తెగేటట్టు లేదు. నన్ను జర తిట్టరాదు!"

"నిన్ను తిట్టుడు గూడ ఏ కంపెనీదో ఏమో అంజయ్యా. కనుక్కొని తిడుత."

సప్పుడు లేకుంటె నాకు ఇష్టం. నలభై ఏండ్ల తిట్లు ఒక్క దినం ఆగినయి, నాకు పండుగ కావాలె కద? ఆ దినం మాత్రం బువ్వ దిగలే.

మిషన్ తప్పు ఇన్నదనుకుందాం. చెవిటోనికైనా సైగ చేసి చెప్పొచ్చు. ఇక్కడ సైగ చేద్దామన్న అవతల మనిషి లేడు. ఉన్న ఒక్క మనిషి ఎత్కపోయినోడు, తీర్పు చెప్పే పెద్దమనిషి గూడ ఆయనే!

తెల్లారి డానియల్ బస్సెక్కక ముందే అప్పీలు తెరవమన్న.

"మామా, ఓడితె పన్నెండు సినిమాలు పోతయి."

"గెలిస్తె?"

వాడు బ్యాగు కింద పెట్టిండు. ఫోన్ల అప్పీలు తెరిచిండు. పేరు, ఊరు, ఇంటి నంబరు అడిగింది. నావే రాయమన్న. 'ఈ పాట మీద మీకేం హక్కున్నది?' అని అడిగింది. డానియల్ ఇంగ్లీషుల ఏందో రాయబోయిండు. ఆపి, తెలుగుల చెప్పి రాయిచ్చిన:

'ఆ పాటల ఉన్న ఇస్రాయేలును నేనే. నలభై ఏండ్ల నుంచి ఆ తిట్లు తింటున్న. మల్లికార్జున్ ఒక్కటి గూడ తినలే. అనుమానముంటె వచ్చి నా పెండ్లాన్ని అడుగున్రి.'

బటన్ నేనే నొక్కిన.

నొక్కి, మడికాడికి నడిచిపోయి, గట్టు మీద నిలవడి, ఇర్వై మంది ముందర అన్న: "సాలమ్మా, పాడు."

ఆడోళ్లంత నాటు ఆపి నా దిక్కు చూసిన్రు. సాలమ్మ నడుం లేపింది, నారు కట్ట చేతులు మార్చుకున్నది, నిలవడ్డకాన్నే నా మీద కొత్త చరణం కట్టింది. అందరు అందుకున్నరు. అంజయ్య నవ్వలేక గట్టు మీద కూలవడ్డడు.

ఆ చరణం మాత్రం ఇండ్ల రాయ. మీలో ఎవలు రిజిస్టర్ చేపిస్తరో!