లోపల ఆఫీసు నడుస్తోంది, బెల్లు కొట్టరాదు

"ఇవాళ బెల్లు మోగుతుంది చూడు. సరిగ్గా ఆ అరగంటలోనే మోగుతుంది," అంది వత్సలాబాయి, అటుకుల పోహాలో నిమ్మకాయ పిండుతూ.

"ఎనిమిది కూడా కాలేదమ్మా. మోగని బెల్లుకి ఇప్పట్నుంచే భయమెందుకు?" అంది కూతురు మృణ్మయి.

"మోగాక భయపడితే ఏం లాభమే?"

మృణ్మయిది బీమా కంపెనీలో ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి, రెండు రోజులు ఊరవతల హింజవడి ఆఫీసు నుంచి పని. ఆ మూడు రోజుల మీదే తల్లి ప్రాణమంతా. వారమంతా ఆఫీసుకి తిరిగిన రోజుల్లో స్కూటీ గుంతలో పడి, పిల్ల చేతికి ఆరు వారాలు కట్టు పడింది. ఆ తర్వాత సాయంత్రం ఏడు దాటితే చాలు, వత్సలాబాయి బాల్కనీలో నిలబడి ఏ అంబులెన్సు కూత విన్నా మంగళసూత్రం కళ్లకద్దుకునేది.

కొత్తగా వచ్చిన పైఅధికారి దేవధర్‌కి ఇంటి నుంచి పనంటే గిట్టదు. పోయిన మంగళవారం వీడియో మీటింగులో వీళ్లింటి బెల్లు ఏడుసార్లు మోగింది. ఆయన లెక్కపెట్టుకున్నాడు. ఇవాళ పదకొండింటికి ఇంకో అరగంట చూస్తాననీ, ఇల్లు మళ్లీ సంతలాగే ఉంటే సోమవారం నుంచి ఐదు రోజులూ ఆఫీసుకే రావాలనీ తేల్చేశాడు.

"బెల్లు తీగ పీకేస్తే పోలా?" అన్నాడు వత్సలాబాయి భర్త మనోహర్, కొత్తిమీర తేవడానికి సంచీ అందుకుంటూ.

"దీపావళికి పీకారుగా. జనం తలుపు బాదారు. పిడి ఊడొచ్చింది."

పాతబస్తీలోని ఆ పేఠ్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఇలాంటప్పుడు తోచేది ఒక్కటే, పాటీ రాయడం, అంటే తలుపుకి హెచ్చరిక బోర్డు పెట్టడం. గేటుకో పాటీ, మెట్లకో పాటీ వేలాడే వీధి అది. నోటితో చెబితే వందమాటలు ఎదురాడేవాడు కూడా అక్కడ రాసిపెట్టినదానికి లొంగుతాడు. వత్సలాబాయి అట్టముక్క మీద నల్లసిరాతో రాసి తలుపుకి తగిలించింది:

"లోపల ఆఫీసు నడుస్తోంది. బెల్లు కొట్టరాదు. తలుపు తట్టుట, పేరు పెట్టి పిలుచుట కూడా బెల్లు కొట్టుటే. పని ఉన్నవారు, నిజంగా ఉందా అని ఇంకొకసారి ఆలోచించుకొనవలెను."

పదకొండింటికి మృణ్మయి హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంది. నెట్టు అందేది అక్కడే. ఆమె వీపు వెనకే వీధి తలుపు. వత్సలాబాయి చప్పుడని ఫ్యాను కూడా ఆపేసి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

అయిదు నిమిషాలకి తలుపు కింద నుంచి ఒక కాగితం లోపలికి జారింది. కెమెరాకి కనబడకుండా మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి తీసుకుంది. బిల్డింగు సెక్రటరీ బాపట్ దస్తూరీ.

"నివాస భవనములో ఆఫీసు నడుపుట నిషిద్ధం. నిబంధన ఇరవై రెండు. వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను."

నోటీసులు, పోలీసులు, సామాన్లు రోడ్డు మీద, పోహా మూకుడుతో సహా అన్నీ ఆమె కళ్లకు కట్టాయి. గబగబా రాసి బయటికి తోసింది: "ఇది ఆఫీసు కాదు. ఇల్లే."

ఈలోగా ఇంకో కాగితం వచ్చింది. పై అంతస్తు ఆవిడ లీలాకాకూ పాటీ చదివి, తన మేనల్లుడి ఉద్యోగ దరఖాస్తు పంపింది. వత్సలాబాయి "ఉద్యోగాలు లేవు" అని రాసి తోసింది. అది బాపట్ చేతికే చిక్కింది.

"ఇల్లే అయినచో ఉద్యోగముల ప్రస్తావన ఏల?" అని ప్రశ్న వచ్చింది.

దాని వెనకే కొత్తిమీర మరక అంటిన కాగితం: "నేను మనోహర్‌ని. లోపలికి రావచ్చునా?"

"పదకొండున్నరకి," అని రాసింది భార్య.

పాకి పాకి మోకాళ్లు మండిపోతున్నాయి. బాపట్ ఈసారి "ఆఫీసును నేడే మూయవలెను" అని పంపేసరికి ఆమెలో భయం కాస్తా కోపమైంది. క్యాలెండరు వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. సిరా ఆరలేదు. రాత బయటికి కనబడేలా గుండెకి ఆనించి పట్టుకుని, పాకడం మరిచి, నిటారుగా నడిచింది.

తెర మీద మాట్లాడుతున్న దేవధర్ ఆగిపోయాడు. కూతురి వెనక ఒక తల్లి, ఆమె గుండె మీద ఈ మాటలు:

"నా కూతురి చెయ్యి మళ్లీ విరిగితే కట్టు మీరు కడతారా? ఇది మూసే ప్రసక్తి లేదు. నోరు మూసుకుని మీ పని మీరు చూసుకొనవలెను."

మృణ్మయి తెర మూలలో తల్లిని చూసి తెల్లబోయింది. వత్సలాబాయి దేవధర్ మొహం చూసింది. అయిపోయింది, ఉద్యోగం కూడా పోయింది అనుకుంది.

"అది నాకా?" అన్నాడు దేవధర్ మెల్లగా.

"అయ్యో, మీకు కాదండీ. బయటున్నాయనకి."

"బయట ఎవరున్నారు? నాకేం వినబడటం లేదే."

వత్సలాబాయి వెళ్లి తలుపు తీసింది. మెట్ల నిండా జనం. బాపట్, లీలాకాకూ, మేనల్లుడు, కొరియరతను, ఇస్త్రీ బట్టల మూటతో ఒకామె, భుజం మీద బండతో గ్యాసతను, చివర కొత్తిమీర కట్టతో మనోహర్. పద్నాలుగు మంది, పాటీకి కట్టుబడి, దగ్గు కూడా మింగుకుని నిలబడి ఉన్నారు.

దేవధర్ వాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. గడియారం చూసుకున్నాడు.

"ఇక్కడ నా గది బయట నలుగురే ఉన్నారు. పొద్దుట్నుంచి నా మాట నాకే వినబడలేదు," అన్నాడు. "మృణ్మయీ, నీ మూడు రోజులు ఖాయం. కావాలంటే నాలుగు తీసుకో. అమ్మగారూ, ఆ పాటీ నాకొకటి రాసిపెట్టండి. సోమవారం నా తలుపుకి తగిలిస్తాను."

మెట్ల మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంకా రెండు నిమిషాలుంది.

సరిగ్గా పదకొండున్నరకి వత్సలాబాయి పాటీ తీసి చంకలో పెట్టుకుంది. జన్మలో మొదటిసారి ఆమెకి ఏ భయమూ గుర్తుకు రాలేదు. గడపలో తల ఎత్తి నిలబడింది.

"ఇప్పుడు నోరు విప్పొచ్చు బాపట్ గారూ. చెప్పండి. ఇది ఇల్లా, ఆఫీసా?"

బాపట్ నిబంధనల పుస్తకం తీశాడు. మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. చివరి నుంచి మొదటికి తిప్పాడు. గ్యాసతను బండ భుజం మార్చుకున్నాడు. మనోహర్ చేతిలో కొత్తిమీర వాడిపోయింది. చివరికి బాపట్ పుస్తకం మూశాడు.

"మూడు రోజులు ఆఫీసు, నాలుగు రోజులు ఇల్లు. అలాంటిదాన్ని నిషేధించే నిబంధన మనమింకా రాసుకోలేదు వదినగారూ."