చిరునామా రాస్తేనే కాఫీ

శుక్రవారం సంతకి దళారి జీపు వచ్చేలోగా కాఫీ గింజలకు వేరే బేరం చూపిస్తానని ధర్మ ఊరందరి ముందూ మాట ఇచ్చాడు. చూపించలేకపోతే పంటంతా దళారి చెప్పిన ధరకే పోతుంది. అందుకని గురువారం పొద్దున్నే అంబలి తాగి, తల దువ్వుకుని, అరకులో సన్యాసిరావు ఇంటర్నెట్ షాపుకి వచ్చాడు.

చేతిలో చీటీల సంచి ఉంది. రోడ్డు పక్క తన పాకలో కాఫీ తాగిన టూరిస్టుల ఈమెయిల్ అడ్రసులన్నీ అందులోనే ఉన్నాయి. రాస్తేనే కాఫీ అన్నది ధర్మ పెట్టిన నియమం. చలికి వణుకుతున్నవాళ్ళ ముందు ఒక చేత్తో చీటీ చాపి, పొగలు కక్కే గ్లాసును రెండో చేత్తో వెనక్కి పట్టుకునేవాడు.

సన్యాసిరావు మా కాఫీ గింజలు కొంటారా అని ఇంగ్లీషులో ఉత్తరం కొట్టి, మధ్యాహ్నం దాకా కూర్చుని అడ్రసులన్నీ ఎక్కించాడు. "ఇదిగో, ఈ మీట నొక్కు. నాను అన్నం తినేసి బేగి వచ్చీత్తాను," అని ఇంటికి వెళ్ళాడు.

ధర్మ నొక్కాడు. చెయ్యి తీశాడో లేదో జవాబులు రాలడం మొదలైంది. తెర నిండిపోయినా ఆగలేదు. ధర్మకు ఇంగ్లీషు రాదు. కానీ ఉత్తరం అందగానే జవాబు రాసేవాడికి సరుకు ఎంత అవసరమో తెలుసు. తమ ఊరికి జీపు తోలే మంగ్లు దగ్గరికి పరుగెత్తాడు.

"మంగ్లూ, మా అమ్మకి చెప్పు. ఆర్డర్లు కుప్పలుగా వచ్చీసినాయి. గింజలు వేపడం మొదలెట్టమను!"

మంగ్లు జీపు కొండెక్కుతూ ఆగిన చోటల్లా ఆ మాటా కాస్త పెరిగింది. ఊరు చేరేసరికి ఏ ఇంట్లోనూ ఒక్క గింజ పచ్చిగా మిగలకూడదన్నంత వరకూ వెళ్ళింది.

సన్యాసిరావు భోంచేసి వచ్చి, తెర చూసి, నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఏటి బాబూ, అంత సరుకు మనకాడ లేదేమో!" అన్నాడు ధర్మ.

"ఆర్డర్లు కావురా నాయినా. నీ ఉత్తరాలే. గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చీసినాయి. ఆ అడ్రసుల్లో ఎవుళూ లేరట."

"లేకపోడమేటి? నా చేత్తోటే కాఫీ ఇచ్చినాను. మీసాలాయన రెండోసారి కూడా తాగినాడు!"

"మీసాలున్నాయి, అడ్రసు లేదు. గ్లాసు కోసం నోటికొచ్చింది రాసీసినాడు. ఈ పాడు అడ్రసులు తీసీకుండా మళ్ళీ పంపితే, ఈమెయిల్ కంపెనీవోడు నీ మంచి ఉత్తరాలు కూడా ఆపీగలడు."

ఆ చివరి మాట ధర్మ వినలేదు. అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు.

ఊరి మలుపులోనే వాసన ఎదురొచ్చింది. ప్రతి పొయ్యి మీదా మూకుడు ఉంది. తల్లి ఈశ్వరమ్మ చెమట తుడుచుకుంటూ, "ఆకరి బస్తా కూడా దించీసినాంరా. ఏటలా సూత్తన్నావు, మాడిందేటి?" అంది.

శుక్రవారం దళారి బస్తాలో చెయ్యి పెట్టి, వాసన చూసి, మూతి మళ్ళీ కట్టేశాడు. "పచ్చి గింజయితే కొందును. ఏపింది నాకేటికి?" అని జీపెక్కాడు. ఊరివాళ్ళు బస్తాలన్నీ ధర్మ ముందుకు జరిపి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

"నీ ఆర్డరోళ్ళు రైలుకి వత్తారేమోలే. పద," అంది ఈశ్వరమ్మ.

శనివారం విశాఖ నుంచి టూరిస్టుల రైలు వచ్చి ఆగేసరికి అరకు స్టేషన్ బయట బస్తాల పక్కన కాఫీ మరుగుతోంది. వాసన పట్టుకుని జనం నేరుగా వచ్చేశారు. ధర్మ అలవాటుగా చీటీ చాపాడు. ఈశ్వరమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది.

"ముందు తాగనీరా! సలికి వణుకుతన్నోళ్ళని ఊరూ పేరూ అడుగుతారేటి?"

తాగారు. పొట్లాలు కట్టించుకున్నారు. అయిపోతే మళ్ళీ ఎలా తెప్పించుకోవాలని వాళ్ళే అడిగారు. చీటీలు వాళ్ళే అందుకుని, రాసింది మళ్ళీ చదివి దిద్దారు కూడా. సాయంత్రం రైలు వెళ్ళేసరికి సగం బస్తాలు ఖాళీ అయ్యాయి.

సోమవారం సన్యాసిరావు పాత అడ్రసులు తీసేసి కొత్తవి ఎక్కించాడు. కాఫీ తనకీ నచ్చిందని తన అడ్రసు కూడా చేర్చాడు. ధర్మ కళ్ళు మూసుకుని మీట నొక్కాడు. కాసేపటికి ఒకాయన రెండు కిలోలు అడిగాడు, ఇంకొకావిడ నాలుగు.

తిరిగొచ్చింది ఒకటే. సన్యాసిరావు ఈమెయిల్ పెట్టె నిండిపోయిందట.