పొగ రాని పొయ్యికి గాలి వైద్యం

మన దేశంలో పొగ కూడా అనుమతి తీసుకునే రావాలి. పొగ రాని పొయ్యి అని రికార్డుకెక్కాక, దాంట్లోంచి పొగ వచ్చినా అది పొగ కాదు, లబ్ధిదారు అపోహ.

ఈ సంగతి పెనుకొండ బస్టాండు పక్కన చిన్న హోటల్లో బొరుగుల ఒగ్గాణి, బజ్జీలు అమ్మే కుళ్ళాయమ్మకు తెలియదు. పథకం కింద ఆమెకిచ్చిన కట్టెల పొయ్యికి చుట్టూ బొక్కలున్నాయి. వాటిలోంచి గాలి లోపలి గొట్టాల్లోకి పోయి పొగను కాల్చేయాలి. పొయ్యి అన్నాక శుక్రవారం అలకాలి కదా! కుళ్ళాయమ్మ ఎర్రమట్టి, పేడ కలిపి ఒక్క బొక్క వదలకుండా నున్నగా అలికి ముగ్గేసింది. (వాడుక సూచనలు ఇంగ్లీషులో ఉన్నాయి.)

హోటలంతా పొగ కమ్మేసింది.

"ఏమక్కా, ఒగ్గాణి పెడతాండావా, సాంబ్రాణి ఏస్తాండావా?" అంటూ రోజూ వచ్చే ఓబుళప్ప ఎదురు హోటలుకు పోయాడు. అతని వెనకే మిగతావాళ్ళూ పోయారు. ఉన్న ఒక్క ఆధారం కళ్ళెదుటే పోతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. పొగకేలే అనుకున్నారు చూసినవాళ్ళు.

ఫిర్యాదుల యాప్‌లో 'పొగ రాని పొయ్యి' అని నొక్కగానే 'సమస్య: పొగ' అనేది మాయమైంది. గత్యంతరం లేక 'ఇతరములు' నొక్కింది. ఇతరములు చూసే ధర్మవరం ఆఫీసువాళ్ళు, గొట్టాలు మావి, వాటిలో గాలి హిందూపురం వాళ్ళది అన్నారు. హిందూపురం నుంచి ఉప అంతర్గత వాయు పర్యవేక్షకుడు చంద్రశేఖర్ మామిడికాయల కాలం పోయాక వచ్చాడు.

"ఎవురమ్మా దీన్ని ఇట్ల మూసింది?"

"నేనే సార్. శుక్రవారం అలక్కుండా ఎట్లుండేది? చీపురుపుల్లతో పొడిస్తే తెరుచుకుంటాయేమో."

"ముట్టుకోవద్దు! తెరిచే అధికారం సాంకేతిక బృందానిది. అది ఇంకా ఏర్పడలేదు. అంతవరకు ఎలిగించొద్దు."

పొయ్యికి సీలు వేసి, ఫొటో తీశాడు. ఫొటోలో పొగ కనబడలేదు. ఫిర్యాదు పరిష్కారమైందని కుళ్ళాయమ్మ ఫోనుకు అక్కడికక్కడే మెసేజ్ వచ్చింది.

"పోనీ, మూడు రాళ్ళు పెట్టుకుంటా సార్. పొట్ట గడవాల గదా."

"పొగ రాని పొయ్యి ఉన్నోళ్ళు రాళ్ళు పెడితే నేరమమ్మా."

"మరి ఒగ్గాణి యాడ చేసేది సార్?"

"మా పథకం పొగ గురించమ్మా. ఒగ్గాణి గురించి గాదు."

హోటలు మూతపడింది. కుళ్ళాయమ్మ ఇప్పుడు ఎదురు హోటల్లో గిన్నెలు కడుగుతోంది. పొగ లేని ఉపాధి పొందినవారిలో ఆమె పేరు కూడా నివేదికలో చేరింది.