కదిలినా ఆగినట్టే

"ఈ రోజు నుంచి ఈ దేశంలో బెల్టు పెట్టుకోకుండా ఒక్క బిడ్డ కూడా మోటార్ హోమ్‌లో ప్రయాణించదు. బెల్టు పెట్టుకునే మొట్టమొదటి బిడ్డ నా మనవడే" అని రవాణా మంత్రిగారు ప్రకటించగానే వెనకున్న పీఏ వంగి చెవిలో ఏదో చెప్పాడు. "మనవరాలే" అని మంత్రిగారు వెంటనే సవరించుకున్నారు. తప్పు తెలిసిన మరుక్షణం దిద్దుకునే నాయకులు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారో మీరే చెప్పండి. టీవీ ముందు కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నేను ఆయనకి అభిమానినైపోయాను.

నేను బళ్లకి సీట్లూ బెల్టులూ బిగించే మేస్త్రీని. మోటార్ హోమ్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను. లోపల మంచాలు, పొయ్యి, సింకు, ఫ్రిజ్జు అన్నీ ఉండి కింద చక్రాలు కూడా ఉన్న ఇల్లు అది. సెలవులొస్తే ఇంట్లోంచి బయటికి రాకుండానే ఊరు దాటేయాలనుకునే కుటుంబాల కోసం కనిపెట్టారు. మా షెడ్డులో నేను బోల్టులతో మాట్లాడతాను, వచ్చినవాళ్లతో నా భార్య మాట్లాడుతుంది. మా సామాన్ల వ్యాను నడిపేది కూడా తనే.

కొత్త నిబంధనలు నలభై పేజీలు. సారం మాత్రం వేళ్ల మీద చెప్పొచ్చు. బండిలో ఎన్ని బెల్టులుంటే అంతమందే ఎక్కాలి. ఎన్ని మంచాలున్నాయన్నది అనవసరం. బెల్టుని బండి అడుగునున్న ఇనుప చాసిస్‌కి బిగించాలి, చెక్కకి కాదు. పిల్లల సీటుని రోడ్డు వైపు తిరిగున్న సీటు మీదే కట్టాలి, అడ్డంగా ఉన్న సోఫా మీద కట్టకూడదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా మంచి నిబంధనలు. ఎవరో పని తెలిసినవాడు రాసి, సంతకం పెట్టకుండా తప్పుకున్నట్టున్నాడు.

ఆ నిబంధనల ప్రారంభోత్సవానికి మంత్రిగారు సకుటుంబంగా మోటార్ హోమ్ ఎక్కి సచివాలయం మెట్ల దగ్గర్నుంచి స్టేడియం దాకా 'భద్రతా యాత్ర' చేస్తారని నిర్ణయమైంది. మూడు రోజుల ముందు ఆ బండి మా షెడ్డుకి వచ్చింది. దాని వెనకే రవాణా కమిషనర్‌గారు వచ్చారు. బండిలో ఉన్న బెల్టులు నాలుగు. ఎక్కాల్సినవాళ్లు డ్రైవరు, మంత్రిగారు, వారి కోడలు, మనవరాలు, పీఏ, ఫొటోగ్రాఫరు, యువజన విభాగం అధ్యక్షుడు, మంత్రిగారి ఉపన్యాసాలు రాసే ఆయన, కమిషనర్‌గారు. మొత్తం తొమ్మిది మంది. కమిషనర్‌గారు బాగా చదువుకున్నవారు. తొమ్మిదిలోంచి నాలుగు పోతే అయిదని కాగితం మీద వేసి మరీ చూపించారు.

అయిదుగురిని తగ్గిస్తే సరిపోతుందన్నాను. ఎవరిని తగ్గించాలో తేల్చడానికి అక్కడికక్కడే సమావేశం పెట్టారు. గంటన్నర చర్చించాక ఒక్క పేరు మీద ఏకాభిప్రాయం కుదిరింది. అది డ్రైవరు పేరు. డ్రైవరు లేకపోతే బండి నడవదని నేనే గుర్తుచేయాల్సి వచ్చింది. నా మాట విని అందరూ కాసేపు నొచ్చుకున్నారు. కమిషనర్‌గారికి మాత్రం నా మాటల్లో ఏదో వెలుగు కనిపించినట్టుంది. అదేమిటో వెంటనే బయటపెట్టారు.

"కదిలితే అది వాహనం. ఆగితే ఇల్లు. ఇంట్లో సోఫా మీద కూర్చున్నవాడికి బెల్టు పెడతామా?"

"కానీ ఆ రోజు కదులుతుంది కదండీ."

"కదులుతుంది. ఆగినట్టు భావిస్తాం."

కమిషనర్‌గారి కార్యాలయంలో భావించడం అనేది పెద్ద పనిముట్టు. నా రెంచీ కన్నా ఎక్కువ బోల్టులు తిప్పింది అది. వేయని రోడ్లు వేసినట్టూ, నింపని ఖాళీలు నిండినట్టూ వాళ్లు ఎప్పట్నుంచో భావిస్తున్నారు. కమిషనర్‌గారి రిటైర్మెంటు రెండేళ్ల కిందటే అయింది. అది కాలేదని భావించారు కాబట్టి ఆయన ఇప్పటికీ రోజూ ఆఫీసుకి వస్తున్నారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది: 'గౌరవ మంత్రివర్యులు ప్రయాణించు మోటార్ హోమ్, కదులుచున్నప్పటికిని, ఆగి యున్నట్లే భావించవలెను. దారిలోని ట్రాఫిక్ సిబ్బంది యావన్మందియు ఈ ఉత్తర్వును తు.చ. తప్పక అమలుపరచవలెను.' ఒక ప్రతి నాకూ ఇచ్చారు. అంత అందమైన ఉత్తర్వుని నేను నా జన్మలో చదవలేదు.

మర్నాడు మంత్రిగారి కోడలు పాపని ఎత్తుకుని సీటు చూడ్డానికి వచ్చింది. వెంట పీఏ, కమిషనర్‌గారు కూడా వచ్చారు. పాపకి రెండేళ్లు. ముద్దుపేరు పిడుగు. పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు, ఆ పిల్ల ఒక్క అరుపు అరిస్తే కమిషనర్‌గారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. నేను పిల్లల సీటుని డ్రైవరు వెనక, రోడ్డు వైపు తిరిగున్న సీటు మీద పెట్టి, బెల్టు బోల్టుని చాసిస్‌లోకి దింపి బిగించాను. కోడలుగారు ఒంగి, నిబంధనల్లో రాసినట్టే బెల్టు పట్టుకుని బలంగా లాగింది. బండంతా ఊగింది గానీ సీటు కదల్లేదు. ఆ నలభై పేజీలూ చదివిన మనిషిని నేను మొదటిసారి చూడ్డం అదే.

ఇంతలో పీఏ రోడ్డు మీదకి వెళ్లి, జనం నిలబడే చోట నిలబడి, మునివేళ్ల మీద లేచి చూసి పెదవి విరిచాడు. పాప కనపడటం లేదు. ఆ సీటు ఫ్రిజ్జుకీ అల్మారాకీ మధ్యన ఉంది, పక్కన కిటికీ లేదు. సోఫాకైతే నిలువెత్తు కిటికీ ఉంది. సీటుని సోఫా మీదకి మార్చేయమన్నాడు. సోఫా అడ్డంగా ఉందనీ, దాని కింద ప్లైవుడ్డు తప్ప ఇనుము లేదనీ, బెల్టు పట్టుకోవడానికి నాలుగు స్క్రూలే దిక్కనీ, గట్టిగా బ్రేకు పడితే అవి ఊడొస్తాయనీ నాకు చేతనైనంత చెప్పాను. అతను మంత్రిగారికి ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు.

"మేస్త్రీ, ప్రజలకి కనపడని భద్రత కూడా ఒక భద్రతేనా?" అన్నారు మంత్రిగారు.

తెల్లారేసరికి ఆ వాక్యం ఊరంతా పోస్టర్లకెక్కింది.

"మామయ్యగారూ, అడ్డంగా ఉన్న సోఫా మీద పిల్లల సీటు పెట్టకూడదని మీ రూల్స్‌లోనే ఉందండీ. పదిహేడో పేజీ" అంది కోడలు.

"మన రూల్స్‌లోనా? ఎవరు రాశారది?" అన్నారు మంత్రిగారు. తర్వాత గొంతు మెత్తబరిచి, ఆగిన బండిలో పసిపిల్లకి ఏం ప్రమాదం వస్తుందమ్మా, ఉత్తర్వు చూడలేదా అని కోడల్ని సముదాయించారు. ఫోను పెట్టేశారు.

నేను సీటు మార్చాను. నాలుగు స్క్రూలూ ప్లైవుడ్డులోకి దించాను, వెన్నలోకి దిగినట్టు దిగాయి. 'సురక్షితం' అని రాసున్న కాగితం కింద సంతకం కూడా పెట్టాను. సిగ్గేసింది. సిగ్గేసినా పెట్టాను, ఎందుకంటే కమిషనర్‌గారు షెడ్డు లైసెన్సుని చేతిలో పట్టుకుని విసురుకుంటున్నారు, ఆ రోజు ఉక్కపోతగా ఉంది. వాళ్లు వెళ్లాక నా భార్య స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"మన పిల్లనైతే ఆ చెక్కకి కడతారా?"

మంత్రిగారు అంతా ఆలోచించే భావించి ఉంటారని నేను నసిగాను.

"మంత్రిగారు భావిస్తారు. స్క్రూలు భావించవు" అంది.

యాత్ర రోజు పొద్దున, అందరికన్నా గంట ముందే కోడలుగారు పిడుగుని తీసుకుని షెడ్డుకి వచ్చింది. నిజం చెప్పమంది, ఆ సీటు ఆగుతుందా అని. నేను వాకిట్లోకి తొంగిచూశాను. కమిషనర్‌గారి కారు ఇంకా రాలేదు.

"ఆగదమ్మా" అన్నాను. అనగానే నా గుండెల మీంచి ఇంజను దించినట్టయింది.

పాపని ఎక్కించనని ఎదురుతిరగొచ్చు కదా అంది నా భార్య. తిరిగిందట. అయితే ఇంకెవరి పిల్లనైనా తెచ్చి కూర్చోబెడతామని పీఏ అన్నాడట. "ఆ పిల్లకి మాత్రం అమ్మ ఉండదా?" అంది కోడలుగారు. తర్వాత నా భార్య లోపలికి వెళ్లి, మేం బెల్టులు లాగి చూసుకోవడానికి వాడే ఇసుక బొమ్మని చంకనేసుకుని వచ్చింది. తల, కాళ్లు, చేతులు అన్నీ ఉన్న బొమ్మే. బరువు పదకొండు కిలోలు, పిడుగంత. దానికి పిడుగు గౌను తొడిగాం, మేజోళ్లు తొడిగాం, 'నా బెల్టు నా హక్కు' అని రాసున్న టోపీని ముక్కు దాకా లాగాం. పిడుగు దాన్ని ఎగాదిగా చూసి ఒక్కటి అంటించింది. అది ఏడవలేదు. ఎవరూ రాకముందే దాన్ని సోఫా మీది సీట్లో కట్టేశాం.

తనకి ఆ బండిలో కళ్లు తిరుగుతాయనీ, మా వ్యానులో వెనకే వస్తాననీ కోడలుగారు పీఏకి చెప్పింది. అతను ఎందుకని అడగలేదు, ఖాళీ అయిన ఒక్క చోటులో ఇద్దర్ని ఎక్కించాడు. మా వ్యాను వెనక సీట్లో, అతని కంట పడకుండా, చాసిస్‌కి బిగించిన బెల్టుతో పిడుగు కూర్చుంది. నా భార్య స్టీరింగు పట్టుకుంది. నేను మాత్రం మోటార్ హోమ్‌లోనే వెళ్లాలి. దారి పొడుగునా సోఫా కాలు గట్టిగా పట్టుకుని కింద కూర్చోవడం నా డ్యూటీ అని కమిషనర్‌గారు ఆర్డరేశారు. అంటే ఆ బెల్టుకి చాసిస్‌ని నేనే అన్నమాట. ఇంత గౌరవం మా వంశంలో ఎవరికీ దక్కలేదు.

యాత్ర అద్భుతంగా సాగింది. మంత్రిగారు ముందు సీట్లో నిజమైన బెల్టు పెట్టుకుని చెయ్యి ఊపుతున్నారు. వెనకున్న నిజమైన సీట్లు రెండింట్లో పూలదండలు పెట్టారు, నలిగిపోతాయని. మిగతావాళ్లంతా నిలబడే ఉన్నారు. ఉపన్యాసాలు రాసే ఆయన పొయ్యి వెలిగించి టీ పెడుతున్నారు, ఇల్లే కదా. జనం కిటికీలోంచి పాపని చూసి కేరింతలు కొట్టారు. కెమెరా ముందు ఇంత కదలకుండా కూర్చున్న పిల్లని ఇరవయ్యేళ్ల సర్వీసులో చూడలేదని ఫొటోగ్రాఫరు అన్నాడు. మంత్రిగారు మెడ తిప్పకుండానే పాప ఎలా ఉందని అడిగారు. చాలా క్రమశిక్షణగా ఉందండీ అని పీఏ చెప్పాడు. మా రక్తమయ్యా అన్నారు ఆయన.

మూడో కూడలిలో ఒక ట్రాఫిక్ కానిస్టేబులు ఉన్నాడు. తనకొచ్చిన ఉత్తర్వుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివినవాడు, మొత్తం శాఖలో బహుశా అతనొక్కడే. ఉత్తర్వు ప్రకారం ఈ బండి ఆగి ఉంది. అతని కళ్ల ముందున్న బోర్డు ప్రకారం అక్కడ బళ్లు ఆపకూడదు. నడిరోడ్డు మీద, నో పార్కింగు బోర్డు కింద, ఇంత పెద్ద బండి ఆగి ఉంటే కర్తవ్యం తెలిసిన ఏ కానిస్టేబులైనా ఏం చేస్తాడో అతనూ అదే చేశాడు. చక్రాలకి వేసే ఇనుప తాళం చేత్తో పట్టుకుని, తాపీగా నడిచొచ్చి, సెల్యూట్ కొట్టి, బండి ముందు చక్రం దగ్గర కూర్చోబోయాడు.

డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు.

కమిషనర్‌గారు సింకులో పడ్డారు. యువజన అధ్యక్షుడు ఫ్రిజ్జు తలుపు తీసుకుని సగం లోపలికి వెళ్లాడు. టీ అందరికీ సమానంగా అందింది. నాలుగు స్క్రూలూ ఒక్క మాట మీద బయటికొచ్చాయి. సీటు, బెల్టు, ప్లైవుడ్డు, టోపీ పెట్టుకున్న ఆ పదకొండు కిలోలూ నా నెత్తి మీదుగా ఎగిరి వెళ్లి ముందు అద్దానికి దభీమని కొట్టుకుని మంత్రిగారి ఒళ్లో పడ్డాయి. నా చేతిలో సోఫా కాలు మిగిలింది. అది బొమ్మేనని నాకు తెలుసు. తెలిసినా సోఫా కాలు పారేసి దాని వెనకే పాకాను.

మంత్రిగారికి గీత కూడా పడలేదు, చాసిస్‌కున్న బెల్టు పెట్టుకున్నారు మరి. ఆయన ఒళ్లోకి చూసుకున్నారు. కిటికీ బయట కెమెరాలని చూసుకున్నారు. ఆలస్యం చెయ్యకుండా గౌనునీ ప్లైవుడ్డునీ కలిపి గుండెకి హత్తుకుని, తలుపు తోసుకుని రోడ్డు మీదకి దిగారు. మైకులు చుట్టుముట్టాయి.

"చూశారా, బెల్టు ఊడలేదు" అన్నారాయన. అది అక్షరాలా నిజం, బెల్టు ప్లైవుడ్డుని వదల్లేదు. "ఇంత జరిగినా పాప కంట్లో నీటిచుక్క లేదు." టోపీ మీద ముద్దు పెట్టుకున్నారు. గౌను కిందనుంచి సన్నగా ఇసుక కారుతోంది, ఆయన తెల్లచొక్కా మీదుగా చెప్పుల్లోకి. కెమెరాలు దాన్ని కూడా తీసుకున్నాయి.

వెనక మా వ్యాను ఆగింది. కోడలుగారు పిడుగుని ఎత్తుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. పిడుగు జనాన్ని చూసింది, మైకులని చూసింది, మధ్యలో ఉన్న మనిషిని చూసింది. రెండు చేతులూ చాపి, ఆ కూడలి అదిరిపోయేలా "తాతా" అని అరిచింది.

మంత్రిగారు విసుగ్గా ఇటు తిరిగారు.

"ఎవరమ్మా ఆ పిల్ల? కాస్త ఊరుకోబెట్టండి. మా మనవరాలు నిద్రపోతోంది."